కాయ కాని ఊరగాయ

‘ఊరగాయ’ అన్న మాటను విడదీస్తే ‘ఊర’, ‘కాయ’ అనే రెండు భాగాలు కనిపిస్తాయి. కకారం గకారమై ఆ రెండూ ఒకే మాటగా కలిసిపోయాయి. ఊరిన కాయ అని దాని అర్థం. మామిడి, నిమ్మ, ఉసిరి, దబ్బ, చింత మొదలైన కాయలతో తెలుగువారి జాడీలు ఏటేటా నిండుతూనే ఉన్నాయి. కృష్ణా గోదావరి తీరాలలోనూ, తెలంగాణలోని చెరువుల కింది పల్లెలలోనూ వాటి సరసన మరొక సీసా కూడా కనిపిస్తుంది. అందులో ఉన్నది మంచినీటి చేప. వాడుకలో దానిని ఎక్కువగా ‘చేపల పచ్చడి’ అనే అంటారు. చేప కాయ కాదు గదా! అయితే ఈ భేదం మాటతోనే ముగిసిపోలేదు. కాయ ఊరే తీరు వేరు, చేప నిలిచే తీరు వేరు. ఆ తేడాను గుర్తించక, ఆవకాయను నమ్మినట్లే చేపల పచ్చడినీ నమ్మడం వలన ప్రాణాపాయం కూడా కలుగవచ్చు.

మాగాయ పెట్టే విధానాన్ని ఒకసారి గుర్తు చేసుకుంటే విషయం తేటపడుతుంది. చెక్కు తీసిన మామిడి ముక్కలను ఉప్పు, పసుపు కలిపి జాడీలో ఉంచుతారు. మూడవనాటికి ముక్కలు తమలోని నీటిని వదులుతాయి. ద్రవాభిసరణ అని భౌతిక రసాయన శాస్త్రాలు వర్ణించేది దీనినే. ఇల్లాలు దానిని ‘ఊట’ అంటుంది. ముక్కలను పిండి ఎండలో ఆరబెట్టి, ఊటను కూడా ఎండలో పెట్టి, మళ్లీ రెంటినీ కలుపుతుంది. ఆ ఊట ఎంత పుల్లనిదంటే, దానిలో చాలా రకాల సూక్ష్మజీవులు బ్రతుకలేవు. ఉప్పు చేయి అందిస్తుందే గాని, రక్షించే పులుపు మాత్రం కాయలో పుట్టినదే.

చేప సంగతి అది కాదు. చేప మాంసంలో నూటికి 75 నుండి 80 పాళ్లు నీరే. దాని పి.హెచ్. విలువ ఆరుకు, ఏడుకు నడుమ ఉంటుంది. అనగా దాదాపు తటస్థం. ఉప్పు చల్లితే చేప కూడా నీరు వదులుతుంది గాని ఆ నీటిలో పులుపు లేదు. పైగా అందులో సూక్ష్మజీవులకు ఇష్టమైన మాంసకృత్తులు దండిగా ఉంటాయి. ఆవకాయకు పులుపు పుట్టింటి సొమ్ము. చేపల పచ్చడికి అది అరువు సొమ్ము. ఎంత అరువు తెచ్చారో లెక్క తెలియకపోవడమే ఈ పచ్చడిలోని చిక్కు.

మంచినీటి చేపలకు తెలుగునేల కొరత ఎరుగనిది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరచుకొన్న కొల్లేరు దేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటి. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందినది. ఇక తెలంగాణకు కాకతీయుల నాటి చెరువులు ఉండనే ఉన్నాయి. కొర్రమీను, వాలుగ, జెల్ల, మార్పు మొదలైనవి ఈ నీళ్లలో సహజంగా పెరిగే చేపలు. బొచ్చె, శీలావతి పిల్లలు ఒకప్పుడు నదులలో దొరికినంతవరకే దొరికేవి. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఎక్కించి, ఈ జాతి చేపలు చెరువు నీటిలోనే గుడ్లు పెట్టేటట్లు చేయగలిగాడు. ఆ తేదీనే దేశంలో జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. చేపపిల్ల కోసం నదిపై ఆధారపడే అవసరం తీరడంతో పెంపకం విస్తరించినది. నేడు దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో ఉన్నది. పచ్చడికి ఏడాది పొడుగునా చేప దొరకడానికి కారణం ఇదే.

అన్ని చేపలూ పచ్చడికి ఒదగవు. బొచ్చె, శీలావతి రుచిగలవే అయినా వాటి కండలో ‘వై’ ఆకారపు సన్నని ముళ్లు దాగి ఉంటాయి. కూరలో వేలితో తీసివేయగలిగిన ముల్లు, వేగి ఎర్రని కారంలో మునిగిన ముక్కలో కంటికి కనబడదు. కొర్రమీనులో ఇటువంటి ముళ్లు చాలా తక్కువ. కండ బిగువుగా ఉండి వేపుడుకు విరిగిపోదు. అన్నిటికంటే ముఖ్యమైన గుణం మరొకటి ఉన్నది. కొర్రమీను గాలి పీల్చగలదు. కొద్దిపాటి నీటిలో కూడా చాలాసేపు ప్రాణంతో ఉంటుంది కాబట్టి అంగడిలో దానిని తొట్టెలలో బ్రతికి ఉండగానే అమ్ముతారు. తాజాదనానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. తెలంగాణ రాష్ట్రం తన అధికారిక చేపగా ఎంచుకొన్నది ఈ కొర్రమీనునే. ధర ఎక్కువన్నది ఒక్కటే దానిపై ఉన్న ఫిర్యాదు. కొర్రమీను కొనలేనివారు పెద్ద బొచ్చె వీపు కండను ముళ్లు ఏరించి వాడుతారు. వరద గోదావరికి ఎదురీదే పులసను పచ్చడి చేయడం దాని రుచికి అన్యాయమే. దానికి పులుసే తగినది.

చేపను నిలవ చేయడం తెలుగువారికి కొత్తది కాదు. ఉప్పుచేప, ఎండుచేప అతి ప్రాచీనమైనవి. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్య చక్రవర్తి సోమేశ్వరుడు సంస్కృతంలో రచించిన మానసోల్లాసం చేపల రకాలను, వాటిని గాలంతో పట్టే వినోదాన్ని కూడా వర్ణించినది. అయితే నేటి ఎర్రని చేపల పచ్చడి అంత పాతది కాజాలదు. మిరపకాయ అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ఓడలతో ఈ దేశానికి చేరినది పదహారవ శతాబ్దంలో. అంతకుముందు తెలుగువారి కారం ప్రధానంగా మిరియాలదే.

ఇక తయారీ విధానం. ముందు చేపను కడగడంలోనే సగం పని ఉన్నది. కొర్రమీను ఒంటిమీద జిగురు ఎక్కువ. చేతికి పట్టు చిక్కదు. బూడిదగాని, కల్లుప్పుగాని చల్లి గరుకు రాతిమీద రుద్దితే జిగురూ పొలుసూ కలిసి ఊడివస్తాయి. పొట్ట చీల్చేటపుడు పిత్తాశయం పగలకూడదు. పగిలితే ఆ చేదు ఎంత కడిగినా పోదు. చెరువు చేపలకు ఒక్కొక్కప్పుడు బురద వాసన ఉంటుంది. నీటిలోని నీలి ఆకుపచ్చ శైవలాలు, మరికొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం దీనికి కారణం. జియోస్మిన్ ఆమ్లంలో విచ్ఛిన్నమవుతుంది. చేపను మజ్జిగతోనో నిమ్మరసంతోనో కడిగే అలవాటును కొందరు చాదస్తమని నవ్వుతారు గాని, ఆ అలవాటు పెట్టినవారికి పేరు తెలియని రసాయనశాస్త్రం తెలుసు.

కిలో చేపకు తల, తోక, ముల్లు తీసివేసి అంగుళం మించని ముక్కలు కోయాలి. ముక్క చిన్నదిగా ఉండాలన్నది అందం కోసం చెప్పిన మాట కాదు. దాని సంగతి ముందు తెలుస్తుంది. ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఉంచి, దిగిన నీటిని పారబోసి, పొడి గుడ్డపై ఆరబెట్టాలి. ఆ తరువాత నూనెలో కొద్దికొద్దిగా వేసి వేపాలి. ముక్కలు పడగానే నూనె పెద్దగా చిటపటలాడుతూ బుడగలు లేస్తుంది. ఆ బుడగలు చేపలోని నీరు ఆవిరై పోతుండడమే. చప్పుడు సద్దుమణిగి బుడగలు పలచబడితే నీరు చాలా వరకు పోయినదని గుర్తు. రంగు ఒక్కటే చూసి ముక్కను దించేవారు మోసపోతారు. పైన ఎర్రబడి లోపల తడి ఉండవచ్చు. కిలో ముక్కలు వేగిన తరువాత కిలో తూగవు. తగ్గిన ఆ బరువులోనే పచ్చడి నిలవకు మొదటి భరోసా ఉన్నది. అలాగని మాడేదాకా వేపితే ముక్క తోలులా సాగుతుంది.

అదే నూనెను వడగట్టి, అందులో అల్లం వెల్లుల్లి ముద్దను పచ్చివాసన పోయేవరకు, ఇంకా చెప్పాలంటే దానిలోని తడి పోయేవరకు వేయించాలి. ఈ ముద్ద విషయంలో తొందరపడరాదు. పొయ్యి దించి, నూనె కొంత చల్లారిన పిమ్మట కారం కలపాలి. మరుగుతున్న నూనెలో వేస్తే కారం నల్లబడి చేదెక్కుతుంది. దోరగా వేయించి దంచిన ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు, రెండు మూడు లవంగాలు, చిన్న దాల్చినచెక్క - ఈ పొడి ఇంటికొక పాళ్లలో ఉంటుంది. ఉప్పును మాత్రం పొయ్యిమీద వేడిచేసి తడి పోగొట్టి కలుపుతారు. ముక్కలు అందులో వేసి కలియబెట్టి, అంతా పూర్తిగా చల్లారిన తరువాత నిమ్మరసం పిండుతారు. వేడిమీద పిండితే నిమ్మ సువాసన ఎగిరిపోతుంది. కొన్ని ఇళ్లలో నిమ్మరసానికి బదులు వినెగర్ పోస్తారు. మరికొన్ని ఇళ్లలో ఉడికించి చిక్కబరచిన చింతపండు గుజ్జు వేస్తారు. రెండు మూడు రోజులకు ముక్క పులుపును, కారాన్ని పీల్చుకొని మెత్తబడుతుంది.

సీసాలో నింపిన తరువాత పైన వేలు మందాన నూనె తేలాలని పెద్దలు అంటారు. నూనె తేలితే పచ్చడి చెడదన్న నమ్మకం దాదాపు అందరిలోనూ ఉన్నది. ఈ నమ్మకం సగమే నిజం. బూజుకు గాలి కావాలి. నూనె గాలిని అడ్డగిస్తుంది కాబట్టి బూజు రాదు. కాని గాలి లేనిచోటనే వర్ధిల్లే జీవి ఒకటి ఉన్నది. దాని పేరు క్లాస్ట్రీడియం బొట్యులినం. ఇది మట్టిలోనూ, చెరువుల అడుగు బురదలోనూ సిద్ధబీజాల రూపంలో ఉంటుంది. నీటిని ఎంతసేపు మరిగించినా ఆ సిద్ధబీజాలన్నీ చస్తాయని చెప్పలేము. వాటిని నశింపజేయడానికి డబ్బాల కర్మాగారాలు ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల సెల్సియస్ వేడిని వాడుతాయి. తడి, తటస్థమైన ఆహారం, గాలి లేని చోటు - ఈ మూడూ సమకూరితే సిద్ధబీజం మేలుకొని పెరుగుతూ విషాన్ని తయారుచేస్తుంది. మనిషికి తెలిసిన విషాలలో అత్యంత తీవ్రమైన వాటిలో అది ఒకటి. ఆ విషం తిన్నవారికి సాధారణంగా ఒకటి రెండు రోజులలో చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనబడడం, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడడం, మింగుడు పడకపోవడం మొదలవుతాయి. తరువాత ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. ఈ లక్షణాలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. ప్రతివిషం ఎంత తొందరగా ఇస్తే అంత మేలు.

ఈ జీవి తొలిసారి మనిషి చేతికి చిక్కినది కూడా నిలవ మాంసంలోనే. 1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే గ్రామంలో ఒక అంత్యక్రియకు వాద్యం వాయించడానికి వచ్చినవారు ఉప్పునీటిలో నిలవ చేసిన పంది మాంసాన్ని తిని జబ్బుపడ్డారు. ముగ్గురు మరణించారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసాన్ని పరీక్షించి, అందులో నుండి ఈ బ్యాక్టీరియాను వేరుచేశాడు. నూనె కథ మరింత దగ్గరిది. 1985లో కెనడాలోని వాంకోవర్ నగరంలో నూనెలో నిలవ ఉంచిన తరిగిన వెల్లుల్లి వలన పలువురికి ఈ వ్యాధి సోకినది. వెల్లుల్లి నేలలో పెరిగేది. మట్టిలోని సిద్ధబీజం దానిని అంటిపెట్టుకొని వస్తుంది. ఆ సీసాలలో నూనె ఉన్నది, పులుపు లేదు. అల్లం వెల్లుల్లి ముద్దను తడి పోయేదాకా వేయించాలనడంలోని అంతరార్థం ఇక్కడ బోధపడుతుంది.

ఈ జీవిని నిలువరించగల శక్తి పులుపుకు ఉన్నది. పి.హెచ్. 4.6 కంటె తగ్గితే బొట్యులినం సిద్ధబీజాలు పెరగలేవు. మామిడి పచ్చడి ఈ గీతకు చాలా దిగువనే ఉంటుంది. చేపల పచ్చడి గీతకు ఏ వైపున ఉన్నదో నాలుక చెప్పలేదు. ఉప్పు, కారం, మసాలా కలిసిన తరువాత పులుపు తక్కువైనా ఎక్కువగా తోచవచ్చు, ఎక్కువైనా తక్కువగా తోచవచ్చు. పైగా చేపలోని మాంసకృత్తులు పోసిన ఆమ్లాన్ని కొంత తమలో ఇముడ్చుకొని పి.హెచ్.ను తగ్గనీయవు. రసాయనశాస్త్రంలో ‘బఫర్’ అని చదువుకొనేది ఇటువంటి గుణాన్నే. కాబట్టి ‘ఎనిమిది నిమ్మకాయలు చాలు’ అన్న లెక్కకు పూచీ లేదు. ఒక నిమ్మకాయలో రసం నిండుగా ఉంటుంది, మరొకటి ఎండి ఉంటుంది. వినెగర్ ఈ విషయంలో నమ్మదగినది. చట్టం ప్రకారం దానిలో ఎసిటిక్ ఆమ్లం నూటికి 3.75 పాళ్లకు తగ్గరాదు. రుచిలో నిమ్మకే పెద్దపీట వేసేవారు కూడా నిమ్మరసంతోపాటు కొంత వినెగర్ కలపడం మంచిది. ఇంతకీ ఆమ్లం ముక్క పైన ఉంటే చాలదు, నడిబొడ్డుకు చేరాలి. లావు ముక్కలో అది లోపలికి చేరడానికి రోజులు పడుతుంది. ఈలోగా లోపలి భాగం తటస్థంగానే ఉండిపోతుంది. ముక్క అంగుళం మించరాదని చెప్పడానికి కారణం అదే. కళాశాల ప్రయోగశాలలో దొరికే సన్నని పరిధి గల పి.హెచ్. కాగితంతో ఈ సంగతిని పరీక్షించవచ్చు. నూనె తుడిచిన ముక్కను కొద్దిపాటి స్వేదనజలంతో మెత్తగా నూరి ఆ ముద్దలో కాగితం ముంచాలి. పైన తేలే పులుసులో ముంచి చూసి సంతోషపడితే ప్రయోజనం లేదు.

ఇప్పుడు సీసా సంగతి. తెలుగు ఇళ్లలో గాజు సీసాను పారవేసే అలవాటు లేదు. హార్లిక్స్ అయిపోతుంది, సీసా మాత్రం పోపుల అలమరలో మరో ఇరవై ఏళ్లు నిలుస్తుంది. పచ్చడికి గాజు అన్ని విధాలా యోగ్యమైనది. ఇత్తడి, రాగి పాత్రలు పులుపు తగిలితే చిలుమెక్కుతాయి. అల్యూమినియాన్ని పులుపు, ఉప్పు తినివేస్తాయి. ప్లాస్టిక్ వాసనను, రంగును పీల్చుకొంటుంది. నాసిరకం పింగాణీ జాడీల మెరుగుపూతలో సీసం ఉంటే పులుపు దానిని కరిగించి పచ్చడిలోకి దించుతుంది. గాజు ఇవేవీ చేయదు. అన్నిటినీ మించి గాజు పారదర్శకం. నూనె మట్టం తగ్గినా, అడుగున బుడగలు లేచినా, పులుసు మడ్డిగా మారినా బయటనుండే కనబడుతుంది.

ఆహారాన్ని గాజు సీసాలో నిలవ చేసే పద్ధతికి ఘనమైన చరిత్ర ఉన్నది. ఫ్రాన్సు దేశంలో నికొలా అపేర్ అనే మిఠాయి తయారీదారు, ఆహారాన్ని సీసాలలో కూరి, బిరడాలు బిగించి, మరిగే నీటిలో ఉంచి నిలవ చేసే మార్గం కనుగొని, 1810లో ప్రభుత్వం నుండి 12,000 ఫ్రాంకుల బహుమానం పొందాడు. అది ఎందుకు పనిచేస్తున్నదో ఆయనకు తెలియదు. సూక్ష్మజీవుల గుట్టును లూయీ పాశ్చర్ విప్పడానికి మరో అర్ధశతాబ్దం పట్టినది. మరలు ఉన్న మూత బిగించే గాజు జాడీకి 1858లో అమెరికాలో జాన్ లాండిస్ మేసన్ పేటెంటు పొందాడు. నేటి పచ్చడి సీసాలు ఆ వంశానివే. అయితే అపేర్ సీసాను కాపాడినది వేడి. తెలుగింటి పచ్చడి సీసాను కాపాడవలసినది పులుపు, ఉప్పు. మూత ఎంత బిగువుగా ఉన్నా అది ఆ లోటును తీర్చదు.

పాత సీసాను వాడేముందు కొన్ని చూసుకోవాలి. ఫినాయిలు, పురుగుమందు, యాసిడ్ వంటివి ఎన్నడైనా పోసిన సీసాను వంటింటి గడప దాటనీయరాదు. మూతి అంచున వేలు సున్నితంగా తిప్పితే పెచ్చు ఊడిన చోటు తెలుస్తుంది; ఆ సీసా పచ్చడికి పనికిరాదు, ఎందుకంటే గాజు పెచ్చు కారంలో కనబడదు. వెలుతురుకు పట్టి చూస్తే వెంట్రుకవాసి పగులు కూడా బయటపడుతుంది. సీసాకంటె ముందు ముసలిదయ్యేది మూత. ఇనుప మూత లోపలి పూత గీసుకుపోతే ఉప్పు, పులుపు తగిలి తుప్పు పడుతుంది. లోపలి అట్టగాని, రబ్బరుగాని పాత పచ్చడి వాసనను, దానితోపాటు పాత బూజును దాచుకొంటుంది. సీసా పాతదైనా మూత కొత్తదిగా ఉండాలి. శుభ్రంగా కడిగిన సీసాను గిన్నె అడుగున గుడ్డ పరచి, చన్నీటిలో పెట్టి, నెమ్మదిగా వేడిచేస్తూ పది నిమిషాలు మరగనివ్వాలి. చల్లని సీసాను ఒక్కసారిగా వేడినీటిలో దించినా, కాగిన నూనె పోసినా పగులుతుంది. గాజు ఒకవైపు వ్యాకోచించి మరొకవైపు అలాగే ఉండడం దానికి కారణం. తరువాత ఎండలో చెమ్మ లేకుండా ఆరాలి.

తడి విషయంలో పూర్వపు గృహిణులు ఎంతో కఠినంగా ఉండేవారు. తడి చేతితో జాడీని ముట్టనిచ్చేవారు కారు. పొడి గరిటెతో కావలసినంత చిన్న గిన్నెలోకి తీసి, జాడీ మూతికి మళ్లీ వాసెన కట్టేవారు. పైపొరలో పడిన నాలుగు నీటిచుక్కలు ఆ చోట ఉప్పును, పులుపును పలచన చేస్తాయి. సూక్ష్మజీవికి ఆ మాత్రం చోటు చాలు. వారి ఆంక్షలలో కొన్ని ఆచారం పేరుతో ఇతరులను దూరం పెట్టడానికి వచ్చినవి కావచ్చు గాని, ఈ ఒక్కటి మాత్రం పాటించదగినదే. ఒకే పెద్ద సీసాకు బదులు నాలుగు చిన్న సీసాలలో నింపితే, ఒకటి తెరచినప్పుడు మిగిలిన మూడు కదలవు. గాజు వెలుగును అడ్డుకోదు కాబట్టి సీసాను చీకటిలో ఉంచాలి. చేపలోని కొవ్వు వెలుగుకు, గాలికి తొందరగా కనరు వాసన పడుతుంది.

ఇతర దేశాలలో మంచినీటి చేపను వేపకుండానే ఊరబెట్టే పద్ధతి కూడా ఉన్నది. అమెరికాలోని మిన్నెసోటా వంటి సరస్సుల సీమలలో పైక్ అనే చేపను ఉప్పునీటిలో నానబెట్టి, ఉల్లిపాయలతోపాటు వినెగర్‌లో వేసి గాజు జాడీలలో దాచుకొంటారు. బొచ్చెకు ఉన్నట్లే పైక్‌కు కూడా ‘వై’ ముళ్లు ఉంటాయి. వినెగర్ వాటిని మెత్తబరుస్తుంది. కాని పచ్చి మంచినీటి చేపలో బద్దెపురుగు వంటి పరాన్నజీవుల పిల్లలు ఉండవచ్చు. ఉప్పు, వినెగర్ వాటిని తప్పక చంపుతాయన్న నమ్మకం లేదు. అందుచేత అక్కడివారు చేపను ముందుగా గట్టి చలిలో గడ్డకట్టించి, ఊరిన తరువాత కూడా రిఫ్రిజిరేటరులోనే ఉంచుతారు. తెలుగువారి పద్ధతిలో వేపుడు ఈ ఒక్క భయాన్ని పూర్తిగా తీర్చివేసినది.

గత కొన్ని దశాబ్దాలుగా చేపల పచ్చడి వంటింటిని దాటి వ్యాపార వస్తువయినది. ఇంటిలో పచ్చడి చేసి అమ్ముకొంటూ పిల్లలను చదివించుకొంటున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఇంట తయారుచేసి అమ్మే చిన్నవారు కూడా నమోదు చేయించుకోవాలి. దీనిని వేధింపుగా భావించేవారున్నారు. కాని సీసామీద తయారీ తేదీ, పులుపు కొలిచిన లెక్క ఉంటే కొనేవారికే కాదు, అమ్మేవారికి కూడా రక్షణే. ఒక్క సీసా వలన జబ్బు వస్తే కూలిపోయేది ఆ కుటుంబపు జీవనమే.

ఇంటి కోసం చేసుకొన్న పచ్చడిని, పి.హెచ్. కొలవనంత కాలం, రిఫ్రిజిరేటరులో ఉంచి నెల రోజులలో ముగించడం క్షేమం. మూత తీయగానే ‘బుస్సు’మని గాలి వచ్చినా, బుడగలు కనిపించినా, పారవేయాలి. చెడినదో లేదో చూద్దామని నాలుకకు రాసుకోకూడదు. ఇవేవీ లేకపోయినా విషం ఉండవచ్చునన్నది కూడా గుర్తుంచుకోవాలి. బొట్యులినం విషానికి వేరే వాసన గాని, రంగు గాని ఉండదు.

సెలవులు ముగిసి వసతిగృహానికి బయలుదేరే విద్యార్థి సంచిలో తల్లి తప్పక ఒక పచ్చడి సీసా పెడుతుంది. వసతిగృహాలలో చాలావాటిలో విద్యార్థులకు రిఫ్రిజిరేటరు అందుబాటులో ఉండదు. పెట్టె అడుగున బట్టల మధ్య, వేసవి వేడిలో, ఆ సీసా వారాల తరబడి ఉంటుంది. నలుగురు స్నేహితుల చెంచాలు అందులో పడతాయి. అటువంటి చోటికి ఆవకాయ వెళ్లవచ్చు, మాగాయ వెళ్లవచ్చు, బాగా ఎండిన ఉప్పుచేప కూడా వెళ్లవచ్చు. చేపల పచ్చడి మాత్రం ఇంటిలోనే ఉండి, చిన్న సీసామీద తేదీ చీటీ అంటించుకొని, పండుగకు వచ్చే బిడ్డ కోసం వారం ముందు కొత్తగా తయారవడమే మేలు.